చెక్కలైన పొలమూ, చెదిరిన డిస్కూ



మా గోదావరి పల్లెల్లో అన్నదమ్ములు పొలం పంచుకునే తీరు ఎరిగినవారికి కంప్యూటరు డిస్కు ఎందుకు చెదిరిపోతుందో వేరే చెప్పనక్కరలేదు. తండ్రికి మూడు చోట్ల భూమి ఉంటుంది: కాలువ వెంబడి ఒక మంచి చెక్క, ఊరికి దూరంగా పల్లంలో ఒక చెక్క, మెరకన ఒక చెక్క. కొడుకులు ముగ్గురు. మనిషికొక చెక్క తీసుకుంటే సరిపోదా అని పట్నవాసులు అడుగుతారు. సరిపోదు. పల్లపు చెక్క తీసుకున్నవాడు వరద వచ్చిన ప్రతి ఏడూ పైరు పోగొట్టుకుంటాడు. మెరక వచ్చినవాడికి నీరెక్కదు. అందుచేత ప్రతి చెక్కనూ మూడుగా కోస్తారు. మూడు చెక్కలు 9 అవుతాయి. తరువాతి తరంలో మళ్లీ తలా ముగ్గురు కొడుకులుంటే 27. ఇందులో ఎవరి దోషమూ లేదు. ప్రతి పంపకమూ న్యాయమైనదే. కానీ రెండు తరాలు తిరిగేసరికి రైతు దున్నే కాలం కంటే గట్లు దాటే కాలం ఎక్కువవుతుంది.

ఎవరి భూమి ఎక్కడెక్కడ ఎన్ని సెంట్లున్నదో ఊరిలో పూర్తిగా తెలిసినవాడు కరణం ఒక్కడే. 1984లో ఆ వ్యవస్థ రద్దయ్యేవరకు ఆయన దస్త్రమే ఊరికి ఆధారం. భూమి 27 చోట్ల ఉన్నా దస్త్రం సరిగా ఉన్నంతకాలం ఆ ఆస్తి ఒక్కటే. దస్త్రం తారుమారైతే ఒకే చోట ఉన్న భూమి కూడా తగాదా భూమి అవుతుంది. ఈ మాటను పాఠకులు కొంచెం గుర్తుంచుకోవాలని మనవి. దీనితో చివరిదాకా పని ఉంది.

ఇక డిస్కు సంగతి. డిస్కును కంప్యూటరు సమానమైన చిన్న చిన్న భాగాలుగా విభజించుకుంటుంది. ఆంగ్లంలో వీటిని క్లస్టర్లంటారు. మన ప్రాంతపు మాటలో మడులనుకుందాం. ఒక్కొక్క మడి సాధారణంగా 4096 బైట్లు. మనం వాడే యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగు సంకేతం ఒక్కొక్కటి 3 బైట్లు తీసుకుంటుంది. అక్షరానికి గుణింతపు గుర్తు వేరు, పొల్లు వేరు, ఒత్తు వేరు కనుక నాలుగు పాదాలలో 80 అక్షరాలుండే ఉత్పలమాల ఒకటి సుమారు 500 బైట్లవుతుందని నా లెక్క. అంటే మడికి ఎనిమిది పద్యాలు. 108 పద్యాల శతకానికి 14 మడులు కావాలి.

కొత్త డిస్కులో ఈ 14 మడులూ పక్కపక్కనే దొరుకుతాయి. కొన్నాళ్లు గడుస్తాయి. కొన్ని దస్త్రాలను చెరిపివేస్తాం. వాటి మడులు ఖాళీ అవుతాయి. కొన్నింటికి కొత్త పేజీలు చేరుస్తాం. పక్క మడి అప్పటికే మరొకరిది కనుక ఆ పేజీలు దూరంగా ఎక్కడో ఖాళీగా ఉన్న మడిలో పడతాయి. ఇలా రాయడం, చెరపడం, పెంచడం అనే మూడు నిర్దోషమైన పనుల వల్ల ఒక దస్త్రం ఇరవై చోట్ల చెదురుతుంది. దీనినే ఫ్రాగ్మెంటేషన్ అంటారు. చెదిరిన మడులను మళ్లీ ఒకచోట చేర్చే పనికి డీఫ్రాగ్మెంటేషన్ అని పేరు. దీనికి కొత్త పదం వెతకనక్కరలేదు. వ్యవసాయ శాస్త్రంవారు ఏనాడో ‘కమతాల ఏకీకరణ’ అన్నారు. ఆ ఏకీకరణే ఇదీ.

ఈ ఇబ్బందికి మూలం డిస్కు కంటే కూడా డిస్కు ఇచ్చిన స్వేచ్ఛ. అంతకు ముందు సమాచారాన్ని అయస్కాంతపు టేపు మీద రాసేవారు. టేపు మీద ఒకదాని వెంట ఒకటి రాయవలసిందే. మధ్యలో ఇరికించడానికి వీలులేదు. చెదరడమన్నదీ లేదు, కావలసిన చోటికి వెంటనే పోవడమన్నదీ లేదు. 1956లో ఐబీఎం సంస్థ రామాక్ 305 అనే యంత్రాన్ని ప్రకటించింది. అందులో 24 అంగుళాల వ్యాసం గల పళ్లేలు 50, ఒకదాని మీద ఒకటి, నిమిషానికి 1200 సార్లు తిరిగేవి. ఇంత చేసి అది దాచుకోగలిగినది 50 లక్షల అక్షరాలు మాత్రమే. కావలసిన చోటికి ముల్లు చేరడానికి సగటున సెకనులో సగం కంటే ఎక్కువ పట్టేది. అయినా ఎక్కడికి కావాలంటే అక్కడికి పోగల సౌకర్యం అప్పుడే మొదలైంది. పోగలమన్న ధైర్యం ఉన్నప్పుడే వస్తువును ఎక్కడైనా పెడతాం.

తొలినాటి పద్ధతులు ఈ స్వేచ్ఛను కట్టడి చేయాలనే చూశాయి. 1960ల నాటి ఐబీఎం పెద్ద యంత్రాలలో దస్త్రం మొదలుపెట్టేముందే ఎంత చోటు కావాలో చెప్పి కేటాయించుకోవాలి. చాలకపోతే అదనపు చెక్కలు ఇచ్చేవారు గాని, ఒక డిస్కు మీద మామూలు దస్త్రానికి మొత్తం 16 చెక్కలే పరిమితి. 1970లలో డిజిటల్ సంస్థవారి పీడీపీ-11 యంత్రాల మీద నడిచిన ఆర్టీ-11 అనే వ్యవస్థ ఇంకా కఠినమైనది. అందులో దస్త్రమంటే ఒకే చెక్క. ముక్కలు కావడానికి వీల్లేదు. అప్పుడు దస్త్రాలకు బదులు ఖాళీ స్థలం ముక్కలయ్యేది. డిస్కులో మొత్తం మీద చోటు ఉన్నా ఒకేచోట లేక కొత్త దస్త్రం పట్టేది కాదు. అందుకని ‘స్క్వీజ్’ అనే ఆజ్ఞ ఒకటి పెట్టారు. అది దస్త్రాలన్నిటినీ ఒకవైపుకు జరిపి ఖాళీ అంతా మరొకవైపు చేర్చేది. మనం తరువాత డీఫ్రాగ్ అని పిలుచుకున్నదానికి ఇది పెద్దక్కగారు.

మన ఇళ్లలోకి వచ్చిన యంత్రాల కథ 1977లో మొదలవుతుంది. ఆ ఏట మైక్రోసాఫ్టులో మార్క్ మెక్‌డొనాల్డ్ అనే ఉద్యోగి ఫ్యాట్ అనే పట్టికను రూపొందించాడు. 1981లో డాస్ ద్వారా అది ప్రపంచమంతా పాకింది. అందులోని ఉపాయం తెలుగు పండితుడికి ఇట్టే అర్థమవుతుంది. మన ఆలంకారికులు చెప్పిన ముక్తపదగ్రస్తంలో ఒక పాదం ఏ పదంతో ముగుస్తుందో తరువాతి పాదం ఆ పదంతో మొదలవుతుంది. ఫ్యాట్ పట్టికలోనూ అంతే. దస్త్రం పేరు పక్కన మొదటి మడి సంఖ్య ఉంటుంది. ఆ మడి దగ్గరకు పోయి చూస్తే తరువాతి మడి సంఖ్య ఉంటుంది. అక్కడ దాని తరువాతిది. చివరి మడి దగ్గర ‘ఇంతటితో సమాప్తం’ అనే గుర్తు. మడులు ఎక్కడున్నా గొలుసు తెగనంతవరకు దస్త్రం పూర్తిగా ఉన్నట్లే. కరణంగారి దస్త్రానికి ఇంతకంటే దగ్గరి ఉపమానం నాకు తట్టలేదు. ఈ పట్టిక విలువ తెలిసే కాబోలు, డిస్కు మీద దానిని మామూలుగా రెండు ప్రతులు ఉంచేవారు.

ఇదే కాలంలో బెర్కిలీ విశ్వవిద్యాలయంలో యూనిక్స్ వ్యవస్థ మీద పనిచేస్తున్నవారు చెదరడం వల్ల కలిగే నష్టాన్ని కొలిచి చూపించారు. మెకుసిక్, జాయ్, లెఫ్లర్, ఫాబ్రీ అనే నలుగురు 1984లో ప్రచురించిన వ్యాసం ప్రకారం, పాత పద్ధతిలో కొత్తగా సిద్ధం చేసిన డిస్కు సెకనుకు 175 కిలోబైట్లు అందిస్తే, కొద్ది వారాల మామూలు వాడకం తరువాత అదే డిస్కు 30 కిలోబైట్లకు దిగిపోయింది. వారు కనిపెట్టిన మందు చెదిరినదాన్ని ఏరడం కాదు. మొదటే చెదరకుండా రాయడం. డిస్కును పేటలుగా విభజించి, ఒక దస్త్రపు మడులు వీలైనంతవరకు ఒకే పేటలో పడేటట్లు చేశారు. ఎప్పుడూ పదో వంతు చోటు ఖాళీగా ఉంచాలన్నారు. ఇంటి నిండా సామాను సర్దినవాడికి కొత్త వస్తువు ఎక్కడ పెట్టాలో తోచదు కదా! యూనిక్స్ వంశంలో పుట్టిన వ్యవస్థలవారు డీఫ్రాగ్ పేరు తక్కువగా తలచుకోవడానికి ఇది ముఖ్య కారణం.

డాస్ వాడుకరులకు ఆ భాగ్యం లేదు. 1980ల ద్వితీయార్ధంలో నార్టన్ యుటిలిటీస్‌లో స్పీడ్ డిస్క్ అనే ఉపకరణం వచ్చింది. 1993లో డాస్ 6తో పాటు మైక్రోసాఫ్టువారే డీఫ్రాగ్‌ను ఇచ్చారు. అది నార్టన్‌ను కొన్న సిమాంటెక్ సంస్థ దగ్గర అనుమతితో తీసుకున్నదే. తరువాత విండోస్ 95, 98లలో వచ్చిన రంగు రంగుల గళ్లను మనలో చాలామంది కళ్లార్పకుండా చూసినవాళ్లమే. ఒక గడి మాయమై మరొకచోట తేలడం, సగానికి వచ్చాక ‘డిస్కులో మార్పు జరిగింది, మళ్లీ మొదలు’ అన్నట్లు ఒక ప్రకటన, మళ్లీ సున్నా నుంచి మొదలుకావడం! స్క్రీన్‌సేవరు కూడా ఆపి, మౌసు ముట్టుకోకుండా కూర్చోవలసి వచ్చేది. కరెంటు ఎప్పుడు పోతుందోనన్న భయం ఒకటి.

అంత శ్రమకు ఫలం ఏమిటంటే, లెక్క ఇదీ. నిమిషానికి 7200 సార్లు తిరిగే డిస్కు ఒక చుట్టు తిరగడానికి 8.3 మిల్లీసెకన్లు. కావలసిన మడి ముల్లు కిందికి రావడానికి సగటున అందులో సగం. ముల్లు ఒక వరుస నుండి మరొక వరుసకు జరగడానికి సుమారు 9. వెరసి ఒక్కొక్క గెంతుకు 13 మిల్లీసెకన్లు. దస్త్రం 1000 చెక్కలై ఉంటే గెంతులకే 13 సెకన్లు. అదంతా ఒకచోట ఉంటే రెప్పపాటులో ముగిసేది. గట్లు దాటే కాలమంటే ఇదే.

ఇక్కడ నా అనుభవం ఒకటి చెప్పక తప్పదు. 2006లో మన రాతలకు లేఖిని వంటి ఉపకరణాలు వచ్చి, తెలుగు టైపు చేయడం చేతికి అలవాటవుతున్న రోజులు. నాతో పనిచేసిన ఒక పెద్దాయన శతకం ఒకటి రాసి, అచ్చు వేయించకుండానే కాలం చేశారు. వారి ఇంటివారి దగ్గర నోటుపుస్తకం అడిగి తెచ్చి 108 పద్యాలూ టైపు చేసి, పుస్తకం తిరిగి ఇచ్చేశాను. ఆ తరువాత ఇల్లు మారేటప్పుడు అది ఎటు పోయిందో వారికే తెలియలేదు. అంటే ఆ శతకానికి మిగిలిన ఏకైక ప్రతి నా డిస్కులో ఉంది. ఆ సంగతి అప్పటికి నేను ఎరుగను.

నా యంత్రంలో విండోస్ ఎక్స్‌పీ ఉండేది గాని డిస్కు మాత్రం పాత ఫ్యాట్ పద్ధతిలోనే ఉండేది. ఒక వేసవి మధ్యాహ్నం డీఫ్రాగ్ నడుస్తూ ఉండగా కరెంటు పోయింది. తిరిగి వచ్చాక విండోస్ డిస్కును పరీక్షించి, తెగిన గొలుసుల తాలూకు ముక్కలను ‘ఫౌండ్’ అనే ఫోల్డరులో సంఖ్యలు వేసి పడేసింది. శతకం తెరిస్తే మొదటి 16 పద్యాలే ఉన్నాయి; 17వది పాదం మధ్యలో ఆగింది.

ఆ ముక్కలను నోట్‌ప్యాడ్‌లో తెరిస్తే టోపీలు పెట్టుకున్న లాటిన్ అక్షరాలు తప్ప మరొకటి లేదు. ఆనాటి బ్లాగరులకు ఈ దృశ్యం కొత్త కాదు. బ్రౌజరులో తెరచి ఎన్‌కోడింగు యూటీఎఫ్-8 అని మార్చగానే తెలుగు కళ్లబడింది. ముక్క మొదటా చివరా మాత్రం అర్థంకాని గుర్తులు. ఆలోచిస్తే కారణం తెలిసింది. 4096ను 3తో భాగిస్తే 1365, శేషం 1. మడి గట్టు తరచుగా అక్షరం మధ్యలోనే పడుతుంది! పొలంలో గట్టు చెట్టు మధ్యగా పోయినట్లు.

నాలుగు ముక్కలు దొరికాయి. రెండుగా తెగిన పద్యాలను ప్రాసతో అతికాను. మొదటి సగంలో ప్రాస నకారమైతే, నకారప్రాసతో మొదలయ్యే ముక్క కోసం చూడడమే. మా గురువులు బెత్తంతో నేర్పిన ఛందస్సు ఇందుకు పనికివస్తుందని అనుకోలేదు. అయితే శతక పద్యాలు ముక్తకాలు, దేనికది స్వతంత్రం. అతుకు దొరకనిచోట ఏ ముక్క ముందో ఏది వెనుకో పద్యాలు చెప్పవు. ప్రతి పద్యానికీ ముందు అలవాటు కొద్దీ వేసిన వరుస సంఖ్యే దారి చూపించింది. తాటాకు ప్రతులలో ప్రతి ఆకు అంచునా సంఖ్య వేసింది ఇందుకే. తాడు తెగి ఆకులు చెదిరినా సంఖ్య ఉంటే గ్రంథం ఉన్నట్లే.

అన్నీ పేర్చాక ఒక మడి కొరత తేలింది. 63 నుండి 69 వరకు 7 పద్యాలు పూర్తిగా లేవు. 62కు చివర, 70కి మొదలు లేవు. ఆయన సాయంకాలాలు గోదావరి గట్టున చదివి వినిపించినవి కనుక ఆ 7లో 3 నాకు నోటికి వచ్చాయి. 4 పోయాయి. సగం మిగిలిన రెండింటినీ పూరించగల పాటి ఛందోజ్ఞానం నాకుంది. యతి, ప్రాస, గణాలు తప్పకుండా రెండు పాదాలు రాయడం ఎంతసేపు? కానీ అవి ఆయన పాదాలు కావు. ఆ చోట చుక్కలు పెట్టి వదిలేశాను. ఈనాటికీ అవి చుక్కలే.

చాలాకాలం నేను డీఫ్రాగ్‌ను తిట్టుకున్నాను. తరువాత చదివి తెలుసుకున్నదేమంటే, ఆ ఉపకరణం మడిని ముందు కొత్తచోట రాసి, ఆ తరువాతనే పట్టిక దిద్దుతుంది. పట్టిక దిద్దుతూ ఉన్న ఆ క్షణంలో కరెంటు పోవడమే ప్రమాదం. ఫ్యాట్ పద్ధతిలో దానికి రక్షణ లేదు. 1993లో విండోస్ ఎన్‌టీతో వచ్చిన ఎన్‌టీఎఫ్‌ఎస్ పద్ధతిలో ఉంది. పట్టికలో ఏమి మార్చబోతున్నదో ముందుగా ఒక చిట్టాలో రాసుకుని, ఆ తరువాత మారుస్తుంది. నడుమ ఆగిపోతే చిట్టా చూసి సరిదిద్దుకుంటుంది. నా డిస్కును ఆ పద్ధతిలోకి మార్చడానికి పట్టేది కొద్ది నిమిషాలు. రెండో ప్రతి తీసుకోవడానికి అంతకూడా పట్టదు. కొంతకాలం రాజమహేంద్రవరంలోనూ ఉద్యోగం చేసిన బ్రౌన్ దొర ఒక్కొక్క గ్రంథానికి అనేక ప్రతులు సేకరించి, పండితుల చేత పోల్చి చూపించి శుద్ధప్రతులు రాయించాడని పిల్లలకు ఏటా పాఠం చెప్పినవాడిని. చెప్పిన పాఠం నాకు నేను చెప్పుకోలేదు.

తరువాతి కథ పొట్టిది. 2007లో మార్కెట్టులోకి వచ్చిన విండోస్ విస్టా ఆ రంగు గళ్లను తీసివేసి, ఏకీకరణను వారానికొకసారి తనంతట తాను చేసుకునే పనిగా మార్చింది. 2009లో వచ్చిన విండోస్ 7, యంత్రంలో ఉన్నది ఎస్‌ఎస్‌డీ అని గుర్తిస్తే ఆ పని మానివేయడం మొదలుపెట్టింది. ఎస్‌ఎస్‌డీలో తిరిగే పళ్లెం లేదు, జరిగే ముల్లు లేదు. ఏ మడికైనా ఇంచుమించు ఒకే వేగంతో చేరుతుంది. పైగా దానిలోని కణాలు పరిమితమైనన్ని సార్లే రాతకు ఓర్చుకుంటాయి. ఊరికే మడులు జరిపితే ఆయుష్షు తరుగుతుంది. అరుగుదల అంతటా సమంగా ఉండాలని అది తన లోపల సమాచారాన్ని కావాలనే చెదరగొట్టి, ఏది ఎక్కడున్నదో సొంత పట్టికలో రాసుకుంటుంది. తిరిగే డిస్కులకు డీఫ్రాగ్ నేటికీ మేలు చేసేదే, ఎస్‌ఎస్‌డీకి అక్కరలేదు.

పొలాల విషయంలోనూ ఏకీకరణ ప్రయత్నాలు జరగకపోలేదు. 1920లలో పంజాబులో సహకార సంఘాల ద్వారా రైతులు తమ చెక్కలను ఒకరికొకరు మార్చుకున్నారు. 1956లో తెలంగాణ ప్రాంతానికి భూముల విచ్ఛేదన నివారణకు, కమతాల ఏకీకరణకు ఒక చట్టమే చేశారు. కానీ డిస్కు మీద మడికి మడి సమానం; పొలంలో ఏ రెండు మడులూ సమానం కావు. తాత నాటిన కొబ్బరిచెట్టు ఉన్న చెక్కకు సెంటు ప్రకారం వెల కట్టి మార్చుకోమంటే ఏ రైతు ఒప్పుకుంటాడు?

అర్ధశతాబ్దం పాటు శాస్త్రజ్ఞులు పక్కపక్కన చేర్చడానికి శ్రమించి, చివరకు చెదిరినా ఫరవాలేని యంత్రాన్ని కనిపెట్టారు. ఇంత మార్పులోనూ పట్టిక అవసరం తీరలేదు, ఇంకా పెరిగింది. చెదరడం వల్ల నాకు పోయినది కొన్ని సెకన్ల కాలం. గొలుసు తెగడం వల్ల, రెండో ప్రతి లేకపోవడం వల్ల పోయినవి నాలుగు పద్యాలు.

మీ దగ్గర ఎవరివైనా అచ్చుకాని రాతలు ఉంటే, ఈ పూటే ఇంకొక ప్రతి తీసి వేరే చోట ఉంచండి. పుటలకు సంఖ్యలు వేయడం మరచిపోకండి.